రెండో తలుపు

మూతపడిన బట్టల గోదామును కుర్రకారు కోసం కేంద్రంగా మార్చడానికి ఇంజనీరమ్మ లోపల నేల మీద ప్లాను పరిచింది. గోదామును రాసిచ్చిన ముసలి వ్యాపారి గుమ్మం దాటకుండా బయటి నుంచే మెడ చాచి చూశాడు.

“ఆ చివరి గదికి రెండో తలుపు గీయమ్మా.”

“క్యారమ్స్ ఆడుకునే గది బాబాయిగారూ, ఒకటి చాలు.”

“చాలదు. ఏ తలుపుకీ బయట గడియ ఉండకూడదు.”

“సామాను ఎవరైనా ఎత్తుకుపోతే?”

“పోనీ, మళ్లీ కొందాం. సరుకు పోతుందనే నేను రోజూ భోజనానికి వెళ్తూ పనివాళ్ల తలలు లెక్కపెట్టి, అందరూ బయటికొచ్చాకే షట్టరుకు తాళం వేసేవాణ్ణి.”

“జాగ్రత్తపరులే.”

“ఆ రోజూ లెక్క సరిపోయింది తల్లీ. మా అమ్మాయి పనిమనిషి కాదుగా, లెక్కలోకి రాలేదు. పరీక్షలకు చదువుకుంటూ తానుల వెనక నిద్రపోయింది.”

ఇంజనీరమ్మ పెన్సిలు ఆగింది.

“ఏమైంది?”

“కరెంటు వైరు అంటుకుంది. షట్టరు బాదిన చప్పుడు వీధంతా విన్నారట. తాళంచెవేమో నా జేబులో ఉంది. నేను ఇంట్లో మారు వడ్డించమంటున్నాను.”

“అయ్యో!”

“అప్పుడు వినలేదు. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటే చాలు, వినిపిస్తుంది.”

ఆమె రెండో తలుపు గీసి, ప్లాను చుట్టుకుని బయటికొచ్చింది.

“ఇక మూసేద్దామా బాబాయిగారూ?”

“లోపలెవరూ లేరుగా?”

“నేనొక్కదాన్నేగా వెళ్లింది.”

“అయినా తానుల వెనక ఒకసారి చూసి రా, తల్లీ.”

ఖాళీ గోదాములో ఆమె మూలమూలా చూసి వచ్చేదాకా అతను షట్టరును రెండు చేతులతో పైకెత్తి పట్టుకునే ఉన్నాడు.