వాకిట్లో గొర్రె

ప్రాగ్ నగరంలో నది మీది పాత వంతెన. చెవి దగ్గర ఫోను పెట్టుకుని మీరిమ్. అవతల బిష్కెక్‌లో, పుట్టింటి వంటింట్లో తలుపు గడియ వేసుకుని ఆమె అక్క చొల్పోన్.

"కాస్త గట్టిగా మాట్లాడు అక్కా, పక్కనే ఒకడు వయొలిన్ వాయిస్తున్నాడు, ఏమీ వినపడట్లేదు."

"గట్టిగా మాట్లాడలేను. ముందు నువ్వెక్కడున్నావో చెప్పు."

"వంతెన మీద. నిన్న చెప్పాను కదా, సెలవులకి ప్రాగ్ చూడ్డానికెళ్తున్నానని. ఎన్ని విగ్రహాలో అక్కా! ఒకదాన్ని ముట్టుకుంటే మళ్ళీ ఈ ఊరొస్తారట. అందరూ ముట్టీ ముట్టీ ఆ చోటు అద్దంలా మెరిసిపోతోంది. నేనూ ముట్టుకున్నా. వీడియో పెట్టనా?"

"వద్దు. నీతో ఎవరున్నారు?"

"వయొలిన్ వాడు."

"మీరిమ్!"

"అబ్బా, కసురుకోకు. బురుల్ ఎజే ఉంది. కాఫీ తెస్తానని వెళ్ళింది. ఎర్మెక్ కారు పెట్టి వస్తానన్నాడు."

"ఎవరు బురుల్? ఎవరు ఎర్మెక్?"

"మనవాళ్ళేనే. బురుల్ పెద్దావిడ, అందుకే ఎజే అంటున్నా. ఎప్పట్నుంచో ఇక్కడే ఉంటోంది. మన విద్యార్థుల గ్రూపులో, ప్రాగ్‌లో చవగ్గా ఎక్కడ దిగొచ్చు అని అడిగితే, హోటలెందుకు, మా ఇంటికి రా అంది. రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నా. మంటి చేసిపెట్టింది అక్కా! గుమ్మడికాయ, ఉల్లిపాయ బాగా దట్టించి. చదువుకి పోలండ్ వచ్చాక మన తిండి తినడం అదే మొదలు. సిగ్గు లేకుండా ఏడ్చేశా."

"ఏ ఊరు వాళ్ళది?"

"నారిన్ వైపు. ఎందుకు?"

"నారిన్."

"ఏంటలా అంటావ్? నారిన్ వాళ్ళు మనుషులు కారా?"

"నవ్వకుండా విను. మనింటికి మనుషులొచ్చారు."

"ఎవరు?"

"ఇద్దరు ముసలాళ్ళు, ఒకావిడ. కారు నిండా సామాను. గొర్రెని దింపి వాకిట్లో కట్టేశారు."

"గొర్రెనా?"

"నాన్న ముందు తలలొంచుకుని నిలబడ్డారు. 'తప్పు మాదే, కోపం చల్లార్చుకోండి. మీ పిల్ల మా గడపలో అడుగు పెట్టింది' అన్నారు."

"ఏ పిల్ల?"

"అదే నిన్నడుగుతున్నా."

"హయ్యో... అక్కా, ఇల్లు తప్పి వచ్చుంటారు. మన పక్కింట్లో పెళ్ళికెదిగిన వాళ్ళు బోలెడుమంది."

"తప్పలేదు. నాన్నని పేరు పెట్టి పలకరించారు. 'మీ చదువుకునే పిల్ల గురించి బెంగ పడకండి, చదువు మాన్పించం' అన్నారు. చదువుకునే పిల్లంటే ఎవరు? వీధి వీధంతా నిన్నే అంటారు."

"నేనిక్కడ వంతెన మీదుంటే వాళ్ళ గడపలోకి ఎలా వెళ్తానే?"

"రాత్రి ఎవరింట్లో పడుకున్నావ్?"

"ఎజే ఇంట్లో. కానీ..."

"వచ్చినవాళ్ళ మాటా నారిన్ మాటే. ఆ యాసతో రెండేళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా? ఆ యాసలోంచే సెజిమ్‌ని చంకనేసుకుని బయటపడ్డాను."

"అమ్మేమంటోంది?"

"టీ పోస్తోంది."

"టీ పోస్తోందా!"

"మరేం చేస్తుంది? గుమ్మంలోకి వచ్చినవాళ్ళు. నన్ను ఎత్తుకుపోయినప్పుడు కూడా ఇలాగే వచ్చారు, ఇలాగే పోసింది. నాన్న అప్పుడూ ఇలాగే నేలకేసి చూశాడు. చూసీ చూసీ గొర్రెని పుచ్చుకున్నాడు. అంతే, నా పని అయిపోయింది. ఈసారి పుచ్చుకునేలోగా నాకు నిజం తెలియాలి. ఆ ఇంట్లో నీ తలకి, అప్పుడు నాకు కట్టి కోడల్ని చేసుకున్నట్టు, తెల్లగుడ్డ కట్టారా?"

"లేదు."

"ఒట్టు?"

"లేదన్నానుగా... అంటే..."

"అంటే?"

"ఇవాళ ఇక్కడ చలి చంపేస్తోంది. టోపీ మర్చిపోయా. ఎజే తన శాలువా ఇచ్చింది."

"రంగు?"

"ఉన్నిది అక్కా, చలికి..."

"రంగడిగాను."

"తెలుపే."

"ఎవరు కట్టారు?"

"ఆవిడే. నా చేతుల్లో సంచులున్నాయి మరి!"

"ఇంకేం చేసింది?"

"ఏం చెయ్యలేదు."

"మీరిమ్, నేను నీ అక్కని. ఇంకేం చేసింది?"

"నువ్వలా గుసగుసలాడుతుంటే నాకు భయమేస్తోంది. కమ్మలు. సరేనా? నాది ఒకటి మెట్రోలో ఎక్కడో పడిపోయింది. ఎజేకి కమ్మలూ పూసలూ అమ్మే కొట్టుంది ఇక్కడ. బోసి చెవులతో ఫొటోలేంటే అని ఒక జత తీసి..."

"తన చేత్తో పెట్టిందా?"

"పెట్టింది."

"పెట్టించుకున్నావా! మన దగ్గర కాబోయే అత్తగారు కమ్మలు పెట్టిందంటే ఏంటో తెలీని పిల్లవా నువ్వు?"

"ఇది ప్రాగ్ అక్కా! ఇక్కడ కమ్మలంటే కమ్మలే!"

"పెట్టిన చెయ్యి నారిన్‌ది కదా. పాస్‌పోర్టు ఎక్కడుంది?"

"ఎజే సంచిలో. ఈ వంతెన మీద జేబుదొంగలు ఎక్కువట. నా జేబుకి గుండీ కూడా లేదు..."

"దేవుడా."

"అలా అనకు."

"ఆ కుర్రాడెలాంటివాడు?"

"ఎర్మెక్ మాట్లాడడు. కారు నడుపుతాడు, మధ్యమధ్యలో ఫోను చూసుకుంటాడు. ఇందాక కాస్త కంగారుగా ఉన్నాడు. కోట చూశాక ఊరి బయట ఏదో పాత చర్చి ఉందట, లోపలంతా మనుషుల ఎముకలతో అలంకరించారట, అక్కడికి తీసుకెళ్తామన్నారు."

"ఊరి బయటికా? కారెక్కకు."

"అందరూ చూసే చోటే అక్కా, పుస్తకంలో కూడా ఉంది."

"నన్నూ అందరూ చూసే చోటికే తీసుకెళ్తామన్నారు. సినిమాకి. కారెక్కకు."

"నువ్వోసారి ఫొటోలు చూస్తే నీకే తెలుస్తుంది, వాళ్ళు మంచివాళ్ళు. నీ కూతురికి పొద్దుట్నుంచీ పంపిస్తూనే ఉన్నా. దాన్నడుగు, చూపిస్తుంది."

"సెజిమ్ కోచింగ్‌కి వెళ్ళింది. అది లేకపోవడమే మేలైంది. చిన్నపిల్ల కళ్ళముందు ఈ గొడవంతా ఎందుకు? అది వచ్చేలోగా వీళ్ళని సాగనంపాలి. నువ్వు మాత్రం ఆ సంచులు అక్కడే పడేసి, ఎవరైనా పోలీసు కనిపిస్తే..."

"ఎజే వస్తోంది."

"పరిగెత్తు."

"పాస్‌పోర్టు లేకుండా ఎక్కడికి పరిగెత్తను? అక్కా, నవ్వుతూ వస్తోంది. చేతిలో కప్పులు. వెనకాలే ఎర్మెక్."

"ఫోను ఆవిడకివ్వు."

"ఏమంటావ్?"

"ఇవ్వు, చెప్తాను."

ఫోను చెయ్యి మారింది.

"బాగున్నావా తల్లీ? నేను బురుల్‌ని. మీ చెల్లెలు బంగారం. ఒక్కటే లోపం, తిండి తినదు, గాలి పీల్చి బతుకుతోంది."

"మా చెల్లి పాస్‌పోర్టు దానికిచ్చెయ్యండి."

"పాస్‌పోర్టా? ఇదిగో, ఇచ్చేశా. ఏమైందమ్మా? ఈ పిల్లేంటి, నన్ను చూసి పాముని చూసినట్టు వెనక్కెళ్తోంది?"

"మీవాళ్ళు మా ఇంట్లో కూర్చున్నారు."

"మావాళ్ళెవరు?"

"గొర్రెతో వచ్చారు. మీ అబ్బాయి తరఫున. మర్యాదగా చెప్తున్నాను, మా చెల్లి ఒంటి మీద చెయ్యి పడితే నేను..."

"ఆగాగు. నా అబ్బాయా? నాకు అబ్బాయిలెక్కడున్నారు తల్లీ! ఇద్దరూ ఆడపిల్లలే."

"మరి ఎర్మెక్?"

"మా పెద్దల్లుడు. భార్యకి నెలలు నిండాయి, ఏ క్షణాన ఫోనొస్తుందోనని వాడి ప్రాణం వాడికి లేదు. నేనే బలవంతాన బయటికి లాక్కొచ్చా, ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే చూడలేక."

"కమ్మలు మీరే పెట్టారట."

"కమ్మలు... అయ్యో! కమ్మలు! తెల్ల శాలువా కూడా! ఓరి నా తెలివి తెల్లారా! చలికి కట్టాను తల్లీ, కొట్లో చేతికందింది పెట్టాను. ఇన్నేళ్ళు ఇక్కడుండి అవన్నీ మర్చిపోయాను. మర్చిపోదామనే వచ్చాను కదా."

"అంటే?"

"నాకూ ఇలాగే ఒకావిడ శాలువా కట్టింది. ఇద్దరు చేతులు పట్టుకుంటే మూడో ఆవిడ కట్టింది. లేకపోతే ఇంత దూరమొచ్చి పూసలమ్ముకుంటూ ఎందుకుంటాను?"

"ఎజే... క్షమించండి. నేనేమేమో అనేశాను."

"నువ్వు కాక ఇంకెవరంటారు? అక్కవి. ఇదిగో, స్పీకర్లో పెడుతున్నా, నీ చెల్లితో మాట్లాడు, లేకపోతే నదిలో దూకేలా ఉంది."

"అక్కా! విన్నావా? చెప్పలేదా నేను? నిన్ను తన్నాలి."

"తన్నుదువుగాని రా. పాస్‌పోర్టు చేతిలోనే ఉందా?"

"ఉంది."

"గట్టిగా పట్టుకో. అమ్మయ్య. ఏడవకు. నేనూ ఏడవట్లేదు. ఇక చూడు, ఆ ముసలాళ్ళని గొర్రెతో సహా గెంటేస్తాను. టీ కప్పులు కూడా లాక్కుంటాను."

"నేను పెట్టిన కమ్మలు నచ్చకపోతే అవీ లాక్కో తల్లీ. కానీ ఒక్క మాట."

"చెప్పండి ఎజే."

"గొర్రెని దింపి కట్టేశారన్నావు?"

"కట్టేశారు."

"కోపం చల్లార్చుకోమన్నారు? మీ నాన్నని పేరు పెట్టి?"

"ఆ."

"అయితే ఇల్లు తప్పలేదు."

"తప్పే ఉంటారు ఎజే. మీరిమ్ మీ దగ్గరే ఉంది కదా."

"నా ఎదురుగానే ఉంది, ముక్కు తుడుచుకుంటోంది. అందుకే నాకు భయమేస్తోంది. పిల్ల చేతికి చిక్కకుండా గొర్రెని పట్టుకుని ఎవరూ రారమ్మా. ముందు పిల్ల, తర్వాతే గొర్రె. నీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ ఇంట్లో ఆడపిల్లలెంతమంది?"

"నేను, మీరిమ్."

"అంతేనా?"

"అంతే. నేనొచ్చేసి ఎన్నేళ్ళయిందో. నన్నింకెవరెత్తుకుపోతారు! అంతే."

"అక్కా."

"అంతే అన్నానుగా."

"అక్కా, సెజిమ్‌కి పంపిన ఫొటోలు... ఒక్కటీ చూడలేదు."

"కోచింగ్‌లో ఫోన్లు తీసేసుకుంటారు."

"బస్సులో చూస్తుంది కదా. నేను పంపడం ఆలస్యం, చూసి 'పిన్నీ, ఇంకా' అంటుంది. ఇవాళ పొద్దున్న బస్సు ఎక్కుతున్నా అని పెట్టింది. ఆ తర్వాత ఇంకేం లేదు."

"అది చిన్నపిల్ల మీరిమ్. దానికింకా పదిహేడు. ఇవాళ కూడా జడ నేనే వేసి పంపాను."

"నిన్ను తీసుకెళ్ళినప్పుడు నీకెంత?"

"అది చదువుకుంటోందే. దానికేం తెలుసని..."

"'చదువుకునే పిల్ల' అన్నారన్నావు. తలుపు తియ్యి అక్కా. వెళ్ళి అడుగు. నాన్న చెయ్యి చాచకముందే వెళ్ళు. ఫోను పెట్టెయ్యకు."

చొల్పోన్ వంటింటి గడియ తీసింది. ముందు గదిలో టీ తాగుతున్న పెద్దాయన తలెత్తాడు.

"తాతా, ఆ పిల్ల పేరేంటి?"

"రా తల్లీ, కూర్చో. కోపంగా ఉన్నావు, ఉంటుంది. కోపం తీర్చమనే కదా వచ్చాం."

"పేరు చెప్పండి."

"పేరు మా మనవడికి తెలుసు. ముసలాణ్ణి, నా నోటికింకా తిరగలేదు. బాగానే చూసుకుంటున్నాం, దిగులు పడకు. తీసుకొచ్చిన దగ్గర్నుంచీ అమ్మా, అమ్మా అని ఒకటే పిలుపు, అదొక్కటే... ఇలా వెలుతుర్లోకి రా తల్లీ. ఆ పిల్ల ముఖం అచ్చం నీదే."