మేస్త్రీగారి మెట్ల మీద చాడీ

అలా గుడ్లురిమి చూడకండి. మిమ్మల్ని కిందికి దింపించింది నేనే.

మరేం చెయ్యమంటారు? మీ ఫోటోని తలుపు పైన, కప్పుకి ఆనించినట్టు కొట్టాడు మీ అబ్బాయి. ఈ చక్రాల కుర్చీలోంచి మీ మొహం చూడాలంటే మెడ వెనక్కి విరుచుకోవాలి. బతికున్నన్నాళ్లూ మీతో తలెత్తే మాట్లాడాను, పోయాక కూడానా? కోడలితో చెప్పి మేకు కిందికి కొట్టించాను. ఇప్పుడు మీ ముక్కూ నా ముక్కూ ఎదురెదురుగా ఉన్నాయి. ఇక తప్పించుకోలేరు, వినాల్సిందే.

ఎందుకంటే ఈ మాట ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పాలి. లైబ్రరీ మెట్లు పగలగొట్టేశారు.

ఆఁ, మీవే. మీరు కట్టిన ఏడు మెట్లే. అన్నీ కాదు లెండి, ఎడమవైపు సగం.

పగలగొట్టించింది ఎవరంటారా? ఉండండి, తొందరెందుకు? ఇప్పుడు మీకు వెళ్లాల్సిన పనులేం ఉన్నాయి గనక!

మీరు పోయిన నాలుగేళ్లకి నా కుడికాలు బయల్దేరింది. మీ వెంటే వద్దామనుకుందేమో పాపం, మోకాలి దగ్గర ఆగిపోయింది. షుగరు. వేలితో మొదలై పాదం, పాదంతో మొదలై పిక్క. డాక్టరు ఇంకా ఎక్కడిదాకా తీస్తాడోనని నేనే భయపడి, "బాబూ, మిగతాది నాకుంచు" అన్నాను.

సరే, కాలు పోయింది. అలవాట్లు పోతాయా? గురువారం గురువారం లైబ్రరీకి వెళ్లే మనిషిని. నా సంగతి మీకు తెలుసుగా, చివరి పేజీ చదివితేగానీ పుస్తకం తీసుకోను. "మరి మొదట్నుంచీ చదవడమెందుకే?" అని మీరు నవ్వేవారు. చివర ఎవరు చస్తారో తెలిస్తే మనశ్శాంతిగా చదువుకోవచ్చు, అందుకూ.

మొదటిసారి కోడలు కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్లింది. ఏడు మెట్ల ముందు ఆగాం. ఇద్దరం తలెత్తి చూశాం. ఎంత అందంగా కట్టారండీ! ఒక్కో మెట్టూ గీత గీసినట్టు. "మెట్లుంటేనే భవనానికి మర్యాద" అని మీరు అంటుండేవారు. ఆ మర్యాద ముందు నేను పావుగంట ఎండలో కూర్చున్నాను.

అటెండరు బయటికొచ్చాడు. మంచివాడే. "మీరక్కడే ఉండండమ్మా, పుస్తకాలు నేను తెచ్చిస్తా" అన్నాడు. ఏం తెచ్చాడనుకున్నారు? కాలు లేని ముసలావిడ, ఈవిడకేం కావాలి అనుకున్నాడో ఏమో, ప్రశాంతంగా ప్రాణం విడవడం గురించి ఒక పుస్తకం తెచ్చాడు. వద్దంటే వెళ్లి ఇంకోటి తెచ్చాడు. పాదాల సంరక్షణ!

"ఉన్నది ఒక్కటే నాయనా, సగం పుస్తకం చదివితే చాలా?" అన్నాను.

పాపం, మొహం కందిపోయింది. "మరేం కావాలమ్మా?" అన్నాడు మెట్ల పైనుంచి.

"హత్యలు! నాకు హత్యలు కావాలి!" అని అరిచాను కిందనుంచి. రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగి చూశారు. కోడలు చెంగుతో మొహం కప్పుకుంది.

నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది. కానీ ఇంటికొచ్చాక రాలేదు. నలభై ఏళ్లు నా చేత్తో నేను తీసుకుని, తిరగేసి, నచ్చకపోతే పెట్టేసిన దాన్ని. ఇప్పుడు ఎవడో ఎంచి ఇస్తే తీసుకోవాలి. మీరే చెప్పండి, మీ తాపీ ఇంకొకడు కొని తెచ్చిస్తే ముట్టుకునేవారా?

ప్రెసిడెంటుగారికి అర్జీ పెట్టాను. అదే, లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు, రిటైరైన హెడ్మాస్టరు. ర్యాంపు కట్టించండి బాబూ అని. ఆయన ఎంతో ప్రేమగా, "అమ్మా, ఒక్కరి కోసం ముందంతా పాడుచేస్తామా? వెనకవైపు తలుపుంది, అట్నుంచి రండి" అన్నారు.

వెళ్లాను. వెళ్లలేదనుకోకండి. దొడ్డిదారిన చెత్తకుండీ, విరిగిన బెంచీలు, మరుగుదొడ్లోంచి కారే నీళ్లు. అవన్నీ దాటుకుని తలుపు దగ్గరికి పోతే కుర్చీ సగం దూరి ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆ తలుపు దేనికో తెలుసా? పుస్తకాల మూటలు దించడానికి. "అయ్యా, నన్ను మూట కింద జమకట్టారా?" అని లోపలికి కేకేశాను.

అప్పుడు ప్రెసిడెంటుగారు కొంచెం నొచ్చుకుని ఒక మాటన్నారు. అదిగో, ఆ మాటే ఆయన అనకుండా ఉండాల్సింది. "ఎందుకమ్మా ఇదంతా? మీరు ఎప్పుడొచ్చినా సరే, మేం నలుగురం ఎత్తుకుని పైకి తీసుకెళ్తాం. మేం లేమా?"

ఉన్నారా? సరే, చూద్దాం అనుకున్నాను.

సోమవారం వెళ్లాను. కుర్చీతో సహా నలుగురూ ఎత్తారు. బీరువా ఎత్తినట్టు, "ఇటు వంచు, అటు తిప్పు, జాగ్రత్త, మూల తగుల్తుంది" అంటూ. నా గురించేనండీ ఆ మాటలు! ఒకాయన చెయ్యి ఎక్కడుందో ఆయనకే తెలీదు. నేను కళ్లు మూసుకున్నాను. మీరుంటే చూసి ఊరుకునేవారా?

మంగళవారం మళ్లీ వెళ్లాను. బుధవారం రెండుసార్లు. "కళ్లజోడు మర్చిపోయానండీ, ఒక్కసారి దింపండి." దింపారు. ఇంటికెళ్లి తెచ్చుకున్నాను. ఎత్తారు. జోడు ముందునుంచీ నా సంచిలోనే ఉందని కోడలికి తెలుసు. అయినా కుర్చీ ఇంటివైపు తిప్పింది. మంచి పిల్లండీ, మీరు అనుకున్నంత అమాయకురాలు కాదు.

శుక్రవారం మూడుసార్లు. మూడోసారి మూడో మెట్టు మీద ప్రెసిడెంటుగారు "అమ్మా" అన్నారు. నన్నేమో అనుకుని "ఏం నాయనా?" అన్నాను. నన్ను కాదు. నడుం పట్టేసింది. వాళ్ల ఆవిడ ఫోన్ చేసి, "వదినా, ఆయన మంచం దిగడం లేదు, దయచేసి వచ్చే వారం ఇంట్లోనే చదువుకోండి" అంది. ఆ మాటకి మాత్రం మనసు చివుక్కుమంది. కాసేపే లెండి.

అలా మంచంలో పడుకునే ఆయన ర్యాంపు కోసం పై ఆఫీసుకి కాగితం రాశారు. ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసే. బూట్లూ, టోపీ, చేతిలో కొలత టేపు. నాతో మాట్లాడేటప్పుడు వంగి మాట్లాడలేదండీ, కింది మెట్టు మీద కూర్చుని మాట్లాడింది. అక్కడే నాకు నచ్చేసింది.

కొలిచింది, లెక్క కట్టింది. మెట్ల ఎత్తు మూడున్నర అడుగులు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు ఉండాలట. గోడవారగా పోయి ఒక మలుపు తిరిగితే సరిపోతుందట. "కానీ ఎడమవైపు సగం మెట్లు తీసేస్తేగానీ చోటు లేదమ్మా" అంది. "మెట్లేమో చూడబోతే రాయిలా ఉన్నాయి. బాగున్న కట్టడాన్ని పడగొట్టమని నేను రాయలేను. పాడైందంటే రిపేరు కింద మార్చి కట్టించొచ్చు."

"పాడైతేనేనా?"

"పాడైతేనే."

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసిందండీ. ఆలోచించి అన్నది కాదు.

కాదులెండి, ఆలోచించే అన్నాను. ఇక్కడికొచ్చాక మీ దగ్గర అబద్ధమెందుకు?

"ఈ మెట్లు కట్టింది మా ఆయనేనమ్మా. అప్పట్లో సిమెంటు సరిగ్గా దొరక్క ఇసుక ఎక్కువ కలిపేశారు. లోపలంతా గుల్ల. పాపం, నాతో చెప్పుకుని బాధపడేవారు" అన్నాను.

అదిగో, మీ మీసం కదిలిందని ఒట్టేసి చెప్పగలను!

తెలుసండీ. తెలుసు. ఇసుకని జల్లెడ పట్టి మళ్లీ జల్లెడ పట్టిన మనిషి మీరు. మెట్లు ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు పోయాలని, వాన పడుతుంటే గొడుగేసుకెళ్లి మరీ నీళ్లు పోసొచ్చిన మనిషి. "వాన పోస్తోంది కదండీ" అని నేనంటే, "వాన కొలత తెలీకుండా పోస్తుందే" అన్నారు. అలాంటి మీ పనిని పట్టుకుని గుల్ల అన్నాను.

ఆ పిల్ల సుత్తితో మెట్టు మీద కొట్టింది. ఠంగుమంది. "గుల్లయితే శబ్దం ఇలా రాదే?" అంది నా మొహంలోకి చూస్తూ.

"పైపైన అలాగే ఉంటుందమ్మా, మనుషుల్లాగే" అన్నాను.

రాసుకుంది. కింద సంతకం పెట్టమంది. పెద్ద వయసు కదా అని కాగితం గట్టిగా పట్టుకుంది పాపం. 'నాసిరకం' అని రాసి ఉన్న చోటికి సరిగ్గా కింద నా పేరు పెట్టాను. మీ ఇంటిపేరుతో సహా.

ఆ తర్వాత పనివాళ్లొచ్చారు. వాళ్ల పెద్దమేస్త్రీ చేతులు దులుపుకుంటూ, "గుల్లే కదా, మధ్యాహ్నం అన్నానికల్లా అవగొట్టేస్తాం" అన్నాడు. నేను ఎదురుగా టైలరు కొట్టు నీడలో కుర్చీ వేయించుకుని... వేయించుకోవడమేంటి, నా కుర్చీ నాతోనే ఉంటుందిగా. అక్కడ కూర్చున్నాను.

మొదటిరోజు సమ్మెటలు. చెమటలే కారాయిగానీ పెచ్చు కూడా ఊడలేదు. రెండోరోజు డ్రిల్లు మిషను తెచ్చారు. దాని మొన విరిగింది. ఇంకో మొన తెచ్చారు. అదీ విరిగింది. మూడోరోజుకి లోపల ఇనుప చువ్వలు బయటపడ్డాయి. మెట్లకి చువ్వలేమిటండీ? నాకు కూడా చెప్పలేదే!

"ఎవడ్రా బాబూ వీడు? మెట్లు కట్టమంటే కోట కట్టాడు!" అని పెద్దమేస్త్రీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నడిరోడ్డు మీద చతికిలబడ్డాడు.

నా మొగుడే! నా మొగుడేరా! అని అరవాలనిపించింది. గొంతు దాకా వచ్చింది. సంతకం గుర్తొచ్చి చెంగు కొరుక్కుని కూర్చున్నాను.

"అత్తయ్యా, ఏడుస్తున్నారా?" అంది కోడలు.

"దుమ్ము" అన్నాను.

నాలుగోరోజు సాయంత్రానికి ఎడమవైపు సగం లేచిపోయింది. ఇంజనీరమ్మ వచ్చి ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా దగ్గరికొచ్చి ఒళ్లో పెట్టింది. బరువుగా ఉంది, చల్లగా ఉంది.

"ఇసుక ఎక్కువైందన్నారు కదమ్మా?"

"ఎక్కడో ఒకచోట అయ్యుంటుంది లేమ్మా. వెతికితే దొరుకుతుంది."

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో నాకు కనిపించింది. "కాగితం మీద మార్చడానికి వీల్లేదమ్మా" అంది. "మీరు చెప్పిందే ఉంటుంది."

ఉంటే ఉండనీండి. ఆఫీసు కాగితంలో మీరు దొంగ మేస్త్రీ. కానీ ఆ పెద్దమేస్త్రీ ఊరుకున్నాడా? టీకొట్టు దగ్గరా, సిమెంటు కొట్టు దగ్గరా, కనిపించినవాడికల్లా మీ చువ్వల కథ చెప్పాడు. మొన్న ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్లు వచ్చి, ఆ మేస్త్రీగారు ఉన్నారా అని అడిగారు. గోడ మీద ఉన్నారని చెప్పాను.

ర్యాంపు అయిపోయింది. బాగా కట్టారు, మీ అంత కాదులెండి. పట్టుకోవడానికి కడ్డీ కూడా పెట్టారు. మొదటిరోజు నా చక్రాలు నేనే తిప్పుకుంటూ ఎక్కాను. భుజాలు లాగేశాయి. మలుపు దగ్గర కాసేపు ఆగి ఊపిరి పీల్చుకున్నాను. నా వెనకాల ఒకమ్మాయి పసిబిడ్డని బండిలో తోసుకుంటూ వచ్చింది. పార్సిళ్లు తెచ్చేవాడు తోపుడుబండితో వచ్చాడు. ఇంకెవరొచ్చారనుకున్నారు? ప్రెసిడెంటుగారు! నడుముకి పట్టీ కట్టుకుని, కడ్డీ పట్టుకుని, మెట్ల వంక చూడకుండా మెల్లగా ఎక్కుతున్నారు. "ఒక్కరి కోసమే కదండీ" అన్నాను. వినపడనట్టు పోయారు.

లోపలికెళ్లి అల్మరా ముందు ఆగాను. నా చేత్తో తీశాను. నచ్చలేదు, పెట్టేశాను. ఇంకోటి తీశాను, పెట్టేశాను. గంటసేపు అదే పని. ఎంత సుఖంగా ఉందో మీకెలా చెప్పను?

ఇదీ సంగతి. మీ పనికి మచ్చ తెచ్చాను. తిట్టుకోండి.

కానీ... ఇసుక సంగతి కావాలనే ముందు చెప్పానండీ. మీరు దాని మీద కోప్పడుతుంటే ఇంకొకటి చెప్పకుండా తప్పించుకోవచ్చనుకున్నాను. ఆ అల్మరా ముందు కూర్చున్నప్పట్నుంచీ అది నన్ను వదలడం లేదు.

లైబ్రరీ తెరిచిన రోజు. మీ అమ్మగారు కూడా వచ్చారు గుర్తుందా? మోకాళ్లు వంగేవి కావు ఆవిడకి. మీరు అప్పటికే పైన ఉన్నారు, పెద్దవాళ్ల మధ్య. ఆవిడ కింద నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, కాస్త ఆసరా ఇస్తే నెమ్మదిగా ఎక్కుతాను. నా కొడుకు కట్టింది లోపలెలా ఉందో చూస్తాను" అన్నారు.

పైన మైకులో సన్మానానికి పేర్లు చదువుతున్నారు. ఇంకో రెండు పేర్లయితే మీ పేరు. ఆవిడతో ఎక్కితే పావుగంట పడుతుంది. మీ పేరు చదివేటప్పుడు నేను మీ పక్కన ఉండాలి. అంతే నా బుర్రలో ఉన్నది.

"లోపలేముంది అత్తయ్యా, పుస్తకాలేగా. ఇక్కడ గాలి బాగుంది, కూర్చోండి" అన్నాను. చెయ్యి విడిపించుకుని గబగబా ఎక్కేశాను. రెండు కాళ్లతో.

ఆవిడ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనూ ఎప్పుడూ పిలవలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "అమ్మ పైకి రాలేదేం?" అని మీరు నన్నడిగారు. ఆవిడ పక్క గదిలోనే ఉన్నారు, వింటున్నారు. "ఆవిడే వద్దన్నారు" అన్నాను.

ఆవిడ వద్దనలేదండీ.