చెవిలో చెప్పే వాచీ

అదిగో, మళ్ళీ తలాడించావు. కాదా? మరి మాట్లాడకుండా ఊరుకున్నావంటే తలే ఆడించి ఉంటావు. అమ్మాయ్, నాకు కళ్ళు కనపడవని లోపలికి రాగానే చెప్పానా లేదా? నువ్వెంత అందంగా తలాడించినా అది ఇటువైపు చేరదు. నోటితో చెప్పు తల్లీ.

నేను పెద్దాసుపత్రిలో ఫోన్ల దగ్గర పనిచేస్తాను. రోజంతా తలలాడించేవాళ్ళతోనే నా బతుకు. "పేషెంటు మీకేమవుతారండీ" అంటే తలాడిస్తారు. "లైన్లో ఉన్నారా" అంటే తలాడిస్తారు! ఫోన్లో! సెలవు రోజు కూడా అదే అయితే ఎలా చెప్పు?

సరే, మళ్ళీ మొదట్నుంచి. నాకు పరుగెత్తేటప్పుడు పెట్టుకునే వాచీ కావాలి. ఎంత దూరం వెళ్ళానో చెప్పాలి, ఎంత వేగంగా వెళ్తున్నానో చెప్పాలి. చూపించడం కాదు, చెప్పాలి. పైకి.

నువ్వేమో ఇందాకట్నుంచీ నా గుండె లెక్కపెడుతుందంటావు, నా నిద్ర లెక్కపెడుతుందంటావు, నీళ్ళలో మునిగినా పాడవదంటావు. నేను మునుగుతానన్నానా? నా నిద్ర సంగతి నాకు తెలీదా? పక్కలో మా ఆయన గురక ఆగితే పట్టినట్టు, ఆగకపోతే పట్టనట్టు. దానికో వాచీనా?

ఏదీ, ఇదా? ఇది ఉత్త గాజుపలకే కదమ్మా! ఒక్క బొత్తామూ లేదు. ఎక్కడ నొక్కాలి? ఎక్కడైనా నొక్కచ్చా? ఎక్కడైనా నొక్కచ్చంటే నావరకూ ఎక్కడా నొక్కడానికి లేనట్టే. పక్కన పెట్టు.

రంగులా? నలుపు, నీలం, గులాబీ... ఆగిపోయావేం? చెప్పు, పర్లేదు. నాకు రంగులు బాగానే గుర్తున్నాయి. పుట్టుకతో లేనిదాన్ని కాదు, పెళ్ళయ్యి కొన్నాళ్ళు సంసారం చేశాకే పోయాయి కళ్ళు. మా ఆయన మొహం కూడా గుర్తే. కాకపోతే నల్లజుట్టుతో గుర్తు.

ఇది చెవిలో పెట్టుకునేదా? అంటే నాకొక్కదానికే వినపడుతుందన్నమాట. వద్దు. ససేమిరా వద్దు. బయటికి మాట్లాడాలి, గట్టిగా, పక్కనున్న మనిషికి వినపడేలా. ఏమిటీ, అందరూ చెవిలోదే తీసుకుంటారా? అందరికీ మా ఆయన లేరుగా!

నవ్వకు. విను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఈమధ్యే రిటైరయ్యారు. నాకు కళ్ళు పోయాక ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతుంటే, చూసి చూసి, "స్కూల్లో పరుగులో ఫస్టు వచ్చేదాన్నన్నావుగా, పద" అన్నారు. ఆయన జన్మలో పరుగెత్తి ఎరగరు. బస్సు పట్టుకోడానికి కూడా పరుగెత్తక్కర్లేని ఉద్యోగం కదా! జానెడు తాడుముక్క, ఒక కొస నా చేతికి, ఒక కొస ఆయన చేతికి. "కుడికి మలుపు", "గుంత", "మెట్టు"... ఇన్నేళ్ళూ ఆయన కళ్ళతోనే పరుగెత్తాను. అది కాదంటే నా నోట్లో పురుగులు పడతాయి.

కానీ డ్రైవరు బుద్ధి ఎక్కడికి పోతుంది? బస్సు నడిరోడ్డు మీద చచ్చి పడుకున్నా, "ఇదిగో కదులుతోంది, చేరిపోయాం" అని జనానికి నచ్చచెప్పేవారట. నాతోనూ అదే పాట. ఎంతొచ్చామండీ? "వచ్చేశాం." ఎలా వెళ్తున్నామండీ? "గాలిలా." ఎప్పుడడిగినా గాలే! తుఫాను గాలో, ఫ్యాను గాలో చెప్పి చావరు.

నాకు కళ్ళే లేవు, చెవులున్నాయి కదా. మేం పొద్దున్నే పరుగెత్తేది ఇక్కడే, మీ షాపు ఎదురుగా ఉన్న పార్కులోనే. ఒకప్పుడు మా చుట్లన్నీ అయిపోయి, బెంచీ మీద కూర్చుని చెమట తుడుచుకుంటుంటే, ఆ వెనకాల స్కూల్లో గంట కొట్టేవాళ్ళు. ఇప్పుడు మేం ఫౌంటెను దగ్గర ఈడ్చుకుంటుండగానే కొట్టేస్తున్నారు. ఇదేమిటండీ అంటే, "వాళ్ళు గంట ముందుకి జరిపారు" అన్నారు. మా కోసం స్కూలు టైము మార్చుకున్నారట!

అంటే ఎవరో ఒకరం నెమ్మదించాం. ఎవరు? నేనే అయ్యుంటాను. నాకూ యాభై దాటాయి. ఒకే తాడు పట్టుకుని వెళ్తుంటే ఎవరు ఎవర్ని వెనక్కి లాగుతున్నారో ఎలా తెలుస్తుంది?

తెలిసి ఏం చేస్తావంటావా? వచ్చే నెల పరుగుపందెం ఉంది తల్లీ. ఊళ్ళో అందరూ పరుగెత్తే పెద్ద పందెం. గడువులోపల గీత దాటాలి. దాటలేనివాళ్ళని వెనకాలొచ్చే వ్యాను ఎక్కించుకుంటుంది. పోయినేడాది మమ్మల్ని ఎక్కించుకుంది. "గాలిలా వెళ్తున్నాం" అని ఆయనింకా అంటూనే ఉన్నారు, వెనకాల హారన్ మోగింది. వ్యానులో ఎవడో నా చేతిలో నీళ్ళసీసా పెట్టి, భుజం తట్టి, "పర్లేదాంటీ" అన్నాడు. ఆ "పర్లేదు" ఇదిగో, ఇంకా ఇక్కడే, గొంతులోనే ఉంది. దిగలేదు.

మా పరుగు గుంపులో ఒక పొడుగుకాళ్ళ పిల్ల ఉంది, పళ్ళడాక్టరు దగ్గర పనిచేస్తుంది. "ఈసారి తాడు నేను పట్టుకుంటానాంటీ" అంది. ఆయన ఎదుటే అంది. ఆయనేమన్నారు? "ఎందుకమ్మా, మేం గాలిలా వెళ్తుంటేనూ" అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

అందుకే పైకి మాట్లాడే వాచీ. ఇద్దరం వింటుండగా తేలిపోవాలి. నెమ్మదించింది నేనే అయితే పందెం మానేస్తాను, పీడా పోతుంది. ఆయనే అయితే... వాచీ చెప్పినట్టవుతుంది, నేను చెప్పినట్టవదు. అర్థమైందా?

మళ్ళీ తలాడించావు!

ఏమిటీ, ఉందా? పైకి మాట్లాడేది? ఇంతసేపూ లోపల పెట్టుకుని కూర్చున్నావా! పాత మోడలైతే నాకేం, నేనూ పాత మోడలే. ఏదీ... ఆహా, బొత్తాలు. వేలికి తగులుతున్నాయి. మాట్లాడించు. అబ్బ, ముక్కుతో మాట్లాడుతుందేం? రైల్వేస్టేషన్లో "ఆలస్యంగా నడుచుచున్నది" అనే ఆవిడ గొంతు. పోనీలే, ఆవిడ ఆలస్యాన్ని ఆలస్యమనే అంటుంది కదా.

కొనేముందు చూసుకోవద్దూ? పద పార్కుకి. ఇంకెవరు, నువ్వే. ఏమండీ మేనేజరుగారూ, ఈ అమ్మాయిని ఒక్క చుట్టు తిప్పి తీసుకొస్తాను! చూశావా, ఆయనకి నోరుంది, "సరే" అన్నాడు. మా ఆయన ఇప్పుడే రారులే. తలనొప్పి మాత్రలకని మందులషాపుకి వెళ్ళారు, అక్కడ జనం ఎప్పుడూ ఉంటారు. తలనొప్పిట! మొన్న పక్కలోంచి మోకాళ్ళకి రాసుకునే మందు వాసన గుప్పున కొట్టింది. ఏమిటండీ అంటే, "దోమలకి రాసుకున్నా" అన్నారు.

ఇదిగో తాడు. ఎప్పుడూ నా సంచీలోనే ఉంటుంది. వేళ్ళకి చుట్టుకో. లాగకూడదు, ముందుకి పోకూడదు, పక్కనే ఉండాలి. బిగించావంటే ఆగమని గుర్తు. చెప్పులతో పరుగెత్తగలవా? సరే.

మళ్ళీ ఈ చెయ్యెత్తి నిలబడ్డమేమిటి? ఉపగ్రహం దొరకాలా? బాగుంది. ఎక్కడో ఆకాశంలో ఉన్నదానికి నేనెక్కడున్నానో తెలుస్తుంది, తాడు పట్టుకున్న మనిషి మాత్రం చెప్పడు. దొరికిందా? పద.

మెల్లిగా... ఆఁ. ఇంకొంచెం. భయపడకు, నేను పడను.

ఈ మలుపులో జాగ్రత్త, కుక్కలుంటాయి. ఒకటా రెండా, మందకి మంద! ఈమధ్య మరీ ఎక్కువైపోయాయి. మలుపు మలుపుకీ ఆయన తాడు బిగించడం, "ఆగు, కుక్క" అనడం, ఆ మహాతల్లి లేచి వెళ్ళేదాకా మేం చేతులు కట్టుకు నిలబడ్డం. మొరగను కూడా మొరగవు, ఏం కుక్కలో! మునిసిపాలిటీవాళ్ళకి ఫోన్ చేసి నాలుగు తిట్టాను కూడా.

లేవా? అదృష్టం. పద పద.

అమ్మాయ్... ఎంత తేలిగ్గా ఉందే! తాడు చూడు, ఎంత వదులుగా ఊగుతోందో. ఇవి నా కాళ్ళేనా?

ఫౌంటెను వచ్చిందిగా, నీళ్ళ చప్పుడు. ఆగు, ఇక్కడుంటుంది చెవి తెగిన నల్లకుక్క. దారికి అడ్డంగా పడుకుంటుంది. సరిగ్గా చూడు. బెంచీ కింద? అక్కడా లేదా?

ఏయ్, వాచీ మాట్లాడింది! ఏమంది? మళ్ళీ అనిపించు... కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలా? ఆరున్నరే? పందేనికి ఏడు చాలమ్మా! ఏడు చాలు! ఈ ముక్కుదానికి మతిగానీ పోయిందా?

చెట్ల కింద తప్పు చెప్తుందటగా ఇలాంటివి? చెప్తుందిగా? కొంచెమే అటూ ఇటూనా... అసలు ఎనిమిదైతే దీనికి ఆరున్నరని తోచి ఉండదా? ఉండదూ.

ఆగు. కాసేపాగు. నువ్వు రొప్పుతున్నావు. నేను రొప్పట్లేదు, చూడు.

ఒకమాట అడుగుతాను, తలాడించకుండా చెప్పు. రోజూ షాపులోంచి ఈ పార్కు చూస్తావుగా. ఇక్కడ కుక్కలుంటాయా?

బోర్డా? ఏం బోర్డు? గేటు దగ్గరా? ఏమనుంది?

కుక్కలకి ప్రవేశం లేదు.

ఎప్పట్నుంచి? నువ్వు ఉద్యోగంలో చేరకముందు నుంచీ. పెద్ద పెద్ద అక్షరాలు. కుక్క బొమ్మ మీద ఎర్రగీత కూడానా. అంటే చదవడం రాని పిల్లలక్కూడా తెలుసన్నమాట. మునిసిపాలిటీవాళ్ళు ఫోన్ పెట్టేసి ఎంత నవ్వుకున్నారో!

నవ్వొస్తే నవ్వెయ్యి, ఏమనుకోను. ఎంత ఓపిక చూడు ఆయనకి! మలుపుకో కుక్కని పడుకోబెట్టారు. దానికి రంగేశారు, చెవి కోశారు. దేనికీ? ఊపిరి తీసుకోడానికి! "మోకాలు పట్టేసిందే, ఆగు" అంటే పోయేదానికి. నేను ఆగనా? నేనేమన్నా రాక్షసినా?

ఆగేదాన్ని. ఆగి, "పోనీ ఆ పిల్లతో వెళ్ళనా" అనేదాన్ని. అదీ ఆయన భయం. తాడు తన చేతిలోంచి పోతుందని.

ఒళ్ళు మండిపోతోంది తల్లీ. నాదే తప్పనుకుని, ముసలిదాన్నైపోయాననుకుని, ఇన్నాళ్ళూ లోలోపల ఏడ్చి చచ్చాను. ఇప్పుడు నాది కాదని తేలింది. ఎగిరి గంతెయ్యాలి కదా? నాదే అయ్యుంటే బాగుండేది. మానేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడీ ఆరున్నరని ఏం చేసుకోను? ఎక్కడ పెట్టుకోను?

పరుగెత్తాలనుంది. నీ దగ్గర దాపరికమేంటి, ఇప్పుడే, నీ చెయ్యి వదిలించుకుని, ఇంకో పది చుట్లు కొట్టాలనుంది. ఆ గీత దాటాలనుంది. దాటి, ఆ "పర్లేదాంటీ" అన్నవాణ్ణి వెతికి పట్టుకోవాలనుంది.

పద, షాపులోకి పద. ఆయనొచ్చే వేళయింది.

ఇదిగో, ఈ ముక్కుగొంతుదాన్ని తీసి లోపల పెట్టెయ్యి. అవును, ఇదే కావాలన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. ఆయన పక్కన రొప్పుతుండగా, ఇది గొంతు చించుకుని "ఆలస్యం, ఆలస్యం" అని అరిచిందనుకో... సర్వీసంతా ఆలస్యమైందని జనం చేత తిట్లు తిన్న మనిషమ్మా. ఇంటికొచ్చాక కూడానా?

ఆ చెవిలోది తియ్యి. ఆఁ, అదే, నాకొక్కదానికే చెప్పేది. ఒక్క బొత్తామున్నా చాలు. రంగు నీ ఇష్టం.

అదిగో వస్తున్నారు. తలుపు తెరవకముందే తెలిసిపోతుంది, ఎడం కాలు కాస్త ఆగి పడుతుంది. ఎప్పట్నుంచి పడుతోందంటావా? చాలా రోజుల్నుంచి. విన్నాను. విననట్టు ఊరుకున్నాను. ఫోన్లు ఎత్తే చెవులమ్మా ఇవి, వినపడకుండా ఎలా ఉంటుంది?

తాడు ఇలా ఇవ్వు. మనం పార్కుకి వెళ్ళినట్టు అనకు. ఆ చెమట తుడుచుకో. మీ మేనేజరుకి సైగ చెయ్యి, లేకపోతే నోరు జారతాడు.

పందెమా? పందేనికేం, వెళ్తాం. ఆయనతోనే. పొడుగుకాళ్ళ పిల్ల అడిగితే "మేం గాలిలా వెళ్తున్నాం" అంటాను. మళ్ళీ ఆ వ్యాను ఎక్కుతాను, మళ్ళీ ఎవడో భుజం తట్టి పర్లేదంటాడు. కడుపు మండుతుంది. మండనీ, ఏం చేస్తాం.

వేగం పడిపోతోందని ఇది నా చెవిలో చెప్తుంది కదా. చెప్పగానే, ఆయన నోరు తెరిచేలోపు, నేనే తాడు బిగిస్తాను. "ఆగండాగండి, కుక్క" అంటాను.

ఎక్కడే అంటారు.

ఏమండీ, మీకు వినపడలేదా, ఇప్పుడే మొరిగింది అంటాను.