దీపాల్లేని బండి, మూడు పొద్దుగూకులు

వరుస కాస్త అటూ ఇటూ అవుతుందేమో. ఈ మధ్య నాకు ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ గుర్తొస్తున్నాయి. పూర్తిగా మర్చిపోకముందే రాసేస్తున్నాను.

ఇంగ్లండు కొండల మధ్య, మా స్వేల్‌డేల్ లోయలో డోరీన్ టీ బడ్డీ ముందు విల్ఫ్ కూర్చున్నాడు. పక్కన అతని మోటారు సైకిలు. రాళ్ల మీదా వాగుల్లోనూ నడిపే పోటీల బండి అది. సీటు లేదు, నించునే నడపాలి. దీపాలూ లేవు, అందుకని పగటిపూట మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం పోటీ. ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకి రోడ్డు మీదే వెళ్లాలి, రోడ్డెక్కాలంటే ఇన్సూరెన్సు ఉండాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన ఇన్సూరెన్సు ఏజెంటు గిలియన్ ఎదురుగా బేకన్ బన్ను తింటోంది. చీకట్లో నడిపాడని తెలిస్తే పెట్టదు. విల్ఫ్‌కి డెబ్బై దాటాయి, వచ్చే ఏటికి మోకాళ్లు ఒప్పుకోవు. గొప్పలు చెప్పకుండా నోరు మూసుకుంటే చాలు. అదే అతని వల్ల కాదు.

"బండి బాగా నడుస్తోందా బాబాయ్?" అంది గిలియన్, మాటవరసకి.

"నడవడమా? పోయిన అక్టోబరు పోటీ అయ్యాక ఇంటికొస్తూ, కాలు కింద పెట్టకుండా వాగు దాటానమ్మా."

"వాగేగా," అన్నాడు గొర్రెల స్టాన్లీ, తన వ్యాన్‌కి ఆనుకుని.

"వాన పడ్డ వాగు. నీళ్లు మెడదాకా. నా మెడ కాదు, చర్చి గోపురం మెడ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల రాతి గోడ, దాని మీంచి దూకితే గాల్లో ఉండగా ఓ పొట్టేలు వెనక ఎక్కి కూర్చుంది, దిగమంటే దిగదు, మలుపొచ్చినప్పుడల్లా కొమ్ముతో కుడీ ఎడమా చూపిస్తూ వచ్చింది."

"టీ చల్లారుతోంది," అంది డోరీన్.

"అక్టోబరంటే తొందరగా పొద్దుగూకుతుందే," అన్నాడు స్టాన్లీ.

గిలియన్ బన్ను కింద పెట్టింది. "ఇల్లు చేరేసరికి వెలుతురుందా బాబాయ్?"

అయినా విల్ఫ్ నోరు ఆగలేదు. "లేకపోవడమేంటమ్మా? సూర్యుడు కొండ వెనక్కి దిగాడు, నేను కొండెక్కాను, మళ్లీ పైకొచ్చాడు. మళ్లీ దిగాడు, నేను ఇంకా పెద్ద కొండెక్కాను. అలా మూడుసార్లు. ఊళ్లో కోళ్లు గూట్లోకెళ్లడం, బయటికి రావడం, పాపం వాటికి కాళ్లు నొప్పులు. పాలవాడు మూడుసార్లు సీసాలు పెట్టాడు. ఆఖరికి సూర్యుడే అన్నాడు, విల్ఫూ, నువ్వు ఇల్లు చేరు, అప్పుడే నేను పడుకుంటాను అని."

"మూడుసార్లు దిగాడన్నమాట," అంది గిలియన్ మెల్లగా. "దిగిన ప్రతిసారీ, ఆ కాస్సేపూ, బండి ఎక్కడుంది?"

ఆదివారం పోటీ విల్ఫ్ కళ్లముందే జారిపోతోంది. బండి హ్యాండిల్‌ని పసిబిడ్డ చేతిలా పట్టుకున్నాడు.

"నా వ్యాన్లో ఉంది," అన్నాడు స్టాన్లీ. "మోకాలి లోతు నీళ్లలో ఆగిపోయి చచ్చింది. గొర్రెల మధ్య పడేసి తీసుకొచ్చాను. ఈయన ముందు కూర్చుని దారి పొడవునా గురకే. కావాలంటే డోరీన్‌ని అడుగు, బండికి పట్టిన పెంట కడిగింది తనే."

"రెండు బకెట్లు పట్టింది," అంది డోరీన్.

గిలియన్ విల్ఫ్ వైపు తిరిగింది. "నిజమేనా బాబాయ్? అబద్ధమాడానని ఒక్క మాట అను, సంతకం పెట్టేస్తాను."

మా లోయలో అతని నోట ఆ మాట విన్నవాళ్లు లేరు. పెళ్లిలో కూడా, పాదిరి అడిగినదానికి అవునంటూ ఏదో కలిపాడట. విల్ఫ్ బండిని చూశాడు, కొండల్ని చూశాడు, స్టాన్లీని మింగేసేలా చూశాడు.

"అబద్ధమేనమ్మా," అన్నాడు.

గిలియన్ కలం తీసి సంతకం పెట్టింది. ఆమె ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకునేదాకా ఆగి, అప్పుడు విల్ఫ్ గొంతు సవరించుకున్నాడు.

"వ్యాన్ మాటే నిజం. కానీ ఆ గొర్రెలున్నాయి చూశావూ, ఒక్కోటి గుర్రమంత."

సుగుణా, తల్లీ, ఇది శుభ్రంగా తిరగరాసేటప్పుడు పేర్లొకసారి చూసిపెట్టు. వ్యాన్ అతను స్టాన్లీయా, వాళ్ల అన్న సిడ్నీయా, నాకిప్పుడు తెలియడం లేదు. తప్పుంటే దిద్దు. గొర్రెల సైజు మాత్రం ముట్టుకోకు.