అల మీద సగం గడ్డం

తమ్ముడికి ఈ ఉద్యోగం వస్తే తన వరండాలో మంచం ఖాళీ అవుతుందని టీకొట్టు అక్క ఆశ. ఏడాదిగా వాడు అక్కడే తింటున్నాడు, అక్కడే పడుకుంటున్నాడు, అక్కడే కోతలు కోస్తున్నాడు. ఊళ్లో అందరూ వాడిని తుఫాను అంటారు. తీరం దాటింది మాత్రం ఎన్నడూ లేదు.

బోర్డు మీద నిలబడి అలలెక్కడం నేర్పే బడి పెట్టిన మేడమ్ ఇవాళ టీకొట్టుకు వచ్చింది. పిల్లలకు నేర్పే మనిషి కావాలట. వాడు పొద్దున్నే ఎవరిదో పాత బోర్డు తెచ్చి, మైనం రుద్ది రుద్ది, అందరికీ కనబడేలా గోడకు ఆనించాడు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పరా నాయనా అని అక్క ముందే బతిమాలుకుంది.

"పెద్ద అలలెక్కిన అనుభవం ఉందా?" అని మేడమ్ అడిగింది. ఇంకేముంది.

"మరీ పెద్దవేం కాదు మేడమ్. మొన్నొకటి వచ్చింది, నా భుజం దాకా ఉంటుంది, పోనీలే పాపం అని ఎక్కాను. ఎక్కాక అది పెరగడం మొదలెట్టింది. కిందకి చూస్తే లైట్‌హౌస్ నెత్తి కనబడుతోంది. దీపం తుడుస్తున్న తాత తలెత్తి, 'ఏరా, భోంచేశావా' అన్నాడు. ఆగితే అల ఏమనుకుంటుందో అని పైనుంచే దణ్ణం పెట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిగావు," అన్నాడు బల్ల మీద టీ తాగుతున్న క్షవరం బాబాయ్ ఆశగా.

"దిగడమా? అల ఊళ్లోకి తిరిగితే! ఐసు ఫ్యాక్టరీ సందులోంచి, ఎవరి గుమ్మమూ తడపకుండా, ఒద్దికగా వస్తోంది. బాబాయ్ కొట్టు ముందుకొచ్చేసరికి నాకు గడ్డం గుర్తొచ్చింది. ఈయన కుడి చెంప గీశాడో లేదో, అల కదిలిపోయింది. సగం గడ్డంతో సముద్రం అవతలి ఒడ్డుకెళ్లాను. అక్కడివాళ్లు టీ ఇచ్చారు, మా అక్క టీ ముందు అదేం టీ లెండి. మళ్లీ అదే అల మీద వెనక్కొస్తే, బాబాయ్ కత్తి పట్టుకుని అక్కడే నిలబడున్నాడు. ఎడమ చెంప కానిచ్చాడు. కావాలంటే అడగండి."

"ఎడమది గుర్తుంది," అన్నాడు బాబాయ్. "కుడిదే గుర్తు లేదు."

అక్క ఇక చాలన్నట్టు గిన్నె మీద గరిటతో కొట్టింది. వాడు చప్పట్లనుకుని ఛాతీ విరిచాడు.

మేడమ్ లేచి వెళ్లి బోర్డు మీద చెయ్యి వేసి చూసింది.

"ఈ మైనం ఎందుకు పూస్తారండీ?"

"కాళ్లు జారకుండా మేడమ్. చిన్నపిల్లలకైనా తెలుసు."

"మరి మీరు అడుగున పూశారే. ఇది నీళ్లకు ఆనే వైపు."

అక్క గరిట కింద పెట్టేసింది. వాడు మాత్రం వెంటనే అందుకున్నాడు.

"అదే చెప్పబోతున్నా మేడమ్. ఆ అల మీద నేను తలకిందులుగా నిలబడ్డాను."

మేడమ్ టీ ఆఖరి గుక్క తాగి గ్లాసు పెట్టేసింది. "మా దగ్గర పిల్లలు తల పైకి పెట్టుకునే నిలబడతారండీ. రేపు మీరూ రండి, నేర్చుకుందురుగాని. పసిపిల్లల జట్టులో వేస్తాను. మోకాలి లోతు నీళ్లే."

అక్క వరండాలో మంచం వైపు చూసింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తుఫాను గొంతు బాగా తగ్గించాడు. "మోకాలంటే... మీ మోకాలా మేడమ్, పిల్లల మోకాలా?"