పదకొండో పేరు

అదేమిటి బావా, మళ్ళీ తిరగ్గొట్టారా? ఐదోసారి! ఇటివ్వు ఆ కాగితం. ముందు నువ్వు కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. కిటికీ దగ్గరున్నది లాక్కో.

ఆహా, ఏం కాగితం! పైన ముద్ర, కింద ముద్ర, పక్కన ఇంకో ముద్ర. వీటి మధ్య ఇరికించి నాలుగంటే నాలుగు లైన్లు. నలభై రెండేళ్ళ కిందట ఇవ్వాల్సిన రెండు మెడళ్ళు ఏవయ్యా అని మనం అడిగితే, రికార్డుల ఆఫీసు వారి జవాబు ఇదన్నమాట. ఈ మాత్రం రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది మహానుభావులకి.

అసలు వీళ్ళ తెలివితేటలు చెప్పుకోవాలి బావా. మొదటిసారి ఏమన్నారు? సర్వీసు నంబరు తప్పన్నారు. రెండోసారి? మీరు చెప్పిన ఏడాది అక్కడ సైనిక పోస్టే లేదన్నారు. పోస్టు లేకపోతే మనం ఆ మంచుకొండ మీదికి గాలి మార్పు కోసం వెళ్ళామా? మూడోసారి ఫారం పాతదన్నారు. నాలుగోసారి నీ పుట్టిన తేదీ చూసి, దీని ప్రకారం నువ్వు తొమ్మిదో ఏట పటాలంలో చేరావన్నారు. తొమ్మిదో ఏటే గరిటె పట్టావన్నమాట, పుట్టు వంటగాడివి!

నవ్వవేం? ఈ మాటకి ఎప్పుడూ నవ్వేవాడివిగా.

సరే, చదువుతా విను. 'సదరు వంటవాడు ఆ కాలమంతా కింది క్యాంపు వంటశాలలోనే ఉన్నట్టు, పై పోస్టుకు ఎన్నడూ చేరనట్టు రికార్డులు తెలుపుతున్నవి.' తెలుపుతున్నవంట! రికార్డులకి నోరొచ్చింది చూశావా, మనకే లేకుండా పోయింది.

మరి నీ ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు కదా? కింది క్యాంపులో ఉల్లిపాయలతో పాటు తరిగేసుకున్నావా? మంచు కొరికి నల్లబడితే ఆసుపత్రిలో కోసేసిన వేళ్ళవి. ఆ ముక్క కూడా కిందటిసారి రాశాం. పుట్టిన తేదీతో పాటు దానికీ ఓ వంక పెట్టారు, గుర్తుందా? వేళ్ళు పోయిన మాట నిజమే కానీ, ఎక్కడ పోయాయో ఆధారం లేదన్నారు. అవును మరి, పోయేముందు వేళ్ళు వాంగ్మూలం ఇచ్చి పోవాల్సింది.

ఉండు, ఇంకా ఉంది. 'ఆ పోస్టులో పనిచేసినవారెవరైనా జీవించి ఉన్నచో, ముప్ఫై రోజులలోగా వారిచే ప్రమాణ పత్రం దాఖలు చేయించవలెను. లేనిచో ఫైలు శాశ్వతంగా మూసివేయబడును.'

జీవించి ఉన్నచో! పైన ఉన్నది పదకొండు మందిమి. కెప్టెన్ పోయాడు. వైర్‌లెస్ వాడు పోయాడు. కవలల్లాగా తిరిగే ఇద్దరూ ఒకే ఏడాది పోయారు. అట్లా ఒక్కొక్కరే పోతూ వచ్చారు. ఆ పొడుగాయనకి ఊపిరైతే ఉంది కానీ, కట్టుకున్న భార్యని పట్టుకుని మీరెవరండీ అంటున్నాడట. అంటే మిగిలింది నేనొక్కణ్ణి. ఆ కొండ మీది పోస్టుకి క్లర్కుని. నేనే సాక్షి.

ఏమిటీ? వద్దా?

వద్దంటావేంటి బావా? నాలుగేళ్ళుగా బస్సులెక్కి దిగి, వాళ్ళ వరండాలో పడిగాపులు కాసి, ఇప్పుడు ఒక్క సంతకం దగ్గరకొచ్చేసరికి వద్దంటావా? ఈ కాగితం ఇచ్చి పోదామని వచ్చావా, అంతేనా?

ఏమన్నావు? మళ్ళీ అను.

ఐదుసార్లు కాదన్నారంటే, నేనే పొరబడ్డానేమో అంటావా? మీరందరూ చెప్పుకునే కబుర్లు వినీ వినీ, నేనూ పైన ఉన్నాననుకున్నానేమో అంటావా? ఈ మధ్య పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండట్లేదు, అదెప్పటి మాటో ఎవరికి తెలుసంటావా?

అట్లా అనకు.

అట్లా మాత్రం అనకు బావా. ఇంకేమన్నా అను, పడతా.

ఒక్క నిమిషం. ఆ తలుపు దగ్గరగా వేసొస్తా. లోపల మా ఆవిడుంది, నువ్వు చెల్లెమ్మా అంటావే, ఈ సంగతి దానికీ తెలీదు.

ఆ... ఎక్కడ మొదలుపెట్టను? నీళ్ళు నమలకుండా చెప్పెయ్యాలని ఎన్నిసార్లో అనుకున్నా. నీ మొహం చూసేసరికి వేరే కబురు ఎత్తుకుంటాను.

ఆ ఆరు రోజుల గాలివాన గుర్తుందా? గాలివానేంటి, గాలిమంచు. హెలికాప్టరు రాలేదు. గుడారం బయటికి చెయ్యి పెడితే చెయ్యి కనబడదు. పొయ్యి మీద మంచు కరిగిస్తేనే తాగడానికి నీళ్ళు. ఆ పొయ్యేమో అంటుకోదు. కిరసనాయిలు చిక్కబడి కూర్చుంది. పొడి కాగితం వెలిగించి పొయ్యి తల వేడెక్కిస్తే తప్ప మంట పట్టదు. పూటకి గుప్పెడు కాగితం కావాలి. నువ్వొచ్చి అడిగావు. బావా, పొడి కాగితం ఏమన్నా ఉందా అని.

క్లర్కుని కదా, ఉండకేం! నా దగ్గర రేకు పెట్టె నిండా కాగితమే. అంత ఎత్తుకి తుపాకీ గుళ్ళు మోసుకొచ్చినవాళ్ళున్నారు, మందులు మోసుకొచ్చినవాళ్ళున్నారు, నేను మాత్రం కార్బన్ పేపర్లు మోసుకొచ్చాను. మొదటి రోజు తెల్ల ఫారాలిచ్చాను. రెండో రోజు పాత సర్క్యులర్లు. మూడో రోజు సరుకుల చీటీలు. నాలుగో రోజుకి అవీ అయిపోయాయి.

అప్పుడిచ్చాను బావా. హాజరు రోలు. పై పోస్టులో ఏ రోజు ఎవరెవరున్నారో నేను రోజూ పొద్దున్నే రాసి, కెప్టెన్ సంతకం తీసుకునేవాణ్ణే, అది. తొమ్మిది వారాలది. షీటు తర్వాత షీటు చింపి నీ చేతిలో పెట్టాను. ఏమిటివి అని కూడా అడగలేదు నువ్వు. పొయ్యిలో పెట్టావు, అంటుకుంది, నీళ్ళు కాగాయి, పదకొండు మందిమీ తాగాం. ఎప్పుడూ తిట్టే వైర్‌లెస్ వాడు కూడా ఆ రోజు నిన్ను పొగిడాడు.

కాల్చినందుకు నాకేం బాధ లేదు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ కాలుస్తా. దాహంతో మనిషి పోతుంటే రోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానా?

బాధల్లా తర్వాత చేసినదానికే.

కిందికి దిగాక రోలు మళ్ళీ తయారు చెయ్యాలి కదా. రోలు ప్రకారమే మెడళ్ళు. తొమ్మిది వారాల రోలు జ్ఞాపకం మీద రాయడానికి నేనేమన్నా అష్టావధానినా? చేతులు ఇంకా వాచే ఉన్నాయి. కళ్ళ ముందు మంచు మెరుపులే. కెప్టెన్ తొందర పెడుతున్నాడు. ఏదన్నా చూసి రాస్తే పోలా అనిపించింది. పెట్టెలో కాలకుండా మిగిలింది ఒకటే, తుపాకుల రిజిస్టరు. కాగితాలు కూడా అట్టల్లా దళసరివి, నీ పొయ్యికి పనికిరాలేదు. అందులో తుపాకీ నంబరు, పక్కన మనిషి పేరు. ఇంకేం, బంగారం! చకచకా పేర్లు దించేశాను. కెప్టెన్ చూడకుండానే సంతకం గిలికాడు.

ఎన్ని పేర్లున్నాయో తెలుసా? పది.

నీకు పైన తుపాకీ లేదు కదా బావా. ఒక మనిషి ఇంతకన్నా మొయ్యకూడదని బరువు కట్టారు. అంత ఎత్తున ప్రెషర్ కుక్కర్ లేకుండా ఏ గింజా ఉడకదు, వీళ్ళేం తిని బతుకుతారని నువ్వు తుపాకీ కింద క్యాంపులో అప్పజెప్పి కుక్కర్ వీపున కట్టుకొచ్చావు. ఆ తుపాకీ కింది క్యాంపు రిజిస్టర్లో ఉంది. తుపాకీ ఎక్కడుంటే నువ్వూ అక్కడే ఉన్నట్టు లెక్క. తుపాకీ తెచ్చుకుని ఉంటే నీకు మెడళ్ళొచ్చేవి. కుక్కర్ తెచ్చావు, మేం బతికాం.

చూడకు అట్లా. ఇంకా అయిపోలేదు.

కావాలని వదిలెయ్యలేదు, ఆ ఒక్క మాట నమ్ము. నువ్వప్పుడు ఆసుపత్రిలో ఉన్నావు, కళ్ళెదురుగా ఉంటే గుర్తొచ్చేవాడివి. నాలుగు నెలలకి మెడళ్ళ జాబితా వచ్చింది. లెక్కపెట్టాను. పది. మళ్ళీ లెక్కపెట్టాను. వెంటనే పరుగెత్తుకెళ్ళి, అయ్యా పొరపాటైంది, రోలు కాల్చేశాం, ఇది తుపాకుల రిజిస్టరు చూసి రాసింది అని చెప్పాలా వద్దా?

చెప్పేవాణ్ణే. కానీ అదే వారంలో నాకు అదొచ్చింది. వెనక్కి తిరిగి చూడు, గోడ మీద, మెడల్ కింద ఉన్న ఆ పత్రం. చదువు. చదవక్కర్లేదులే, నీకు నోటికొచ్చు. వచ్చిన ప్రతివాడికీ నువ్వే చదివి వినిపిస్తావు. 'ప్రాణాలకు తెగించి, ఒక్క కాగితం కూడా పోకుండా పోస్టు రికార్డులన్నీ సురక్షితంగా కిందికి చేర్చినందుకు.'

నవ్వు. ఇప్పుడు నవ్వు. కాగితాలు కాపాడానని నాకు మెడల్ ఇచ్చారు, ఆ కాగితాలు కాల్చి కాచిన నీళ్ళు తాగే నేను బతికి కిందికొచ్చింది.

నీ సంగతి చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. అప్పుడే పెళ్ళి కుదిరింది నాకు. మామగారు ఆ మెడల్ చూసే ఒప్పుకున్నాడు. ఇప్పుడెట్లా చెప్తాను, రేపు చెప్దాం అనుకున్నాను. నువ్వా, నోట్లో నాలుక లేనివాడివి. మెడల్ లేకపోతే కూర మాడిపోతుందా అన్నావు. పోనీలే, వీడికి అక్కర్లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అట్లా రేపు రేపంటూ ముప్ఫై ఎనిమిదేళ్ళు.

నాలుగేళ్ళ కిందట పటాలం గేటు దగ్గర ఆ నల్లరాయి పెట్టకపోతే ఇద్దరం హాయిగా పోయేవాళ్ళం. నువ్వే లాక్కెళ్ళావు నన్ను. మన పేర్లు చెక్కారటరా, చూసొద్దాం పద అని. కొత్త చొక్కా వేసుకొచ్చావు. రాయి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివావు. మళ్ళీ కిందినుంచి పైకి చదివావు. నాది మూడో పేరు. చివరికి ఏమన్నావు? చెక్కేవాడికి చోటు చాల్లేదేమో బావా అన్నావు. రాయి సగం ఖాళీగా ఉంది!

ఆ రోజు చెప్పినా బాగుండేది. చెప్పలేదు. పద, అర్జీ పెడదాం, నేను టైపు చేస్తాగా అన్నాను.

అక్కడే ఉంది అసలు సంగతి.

ఇందాకటి నుంచీ ఆ ఆఫీసుని దుమ్మెత్తి పోశానే... పాపం వాళ్ళు. సర్వీసు నంబరు తప్పన్నారంటే, తప్పే. ఒకటి ఉండాల్సిన చోట ఏడు కొట్టాను. ఏడాది మార్చింది నేను. పాత ఫారం వెతికి మరీ తెచ్చింది నేను. నిన్ను తొమ్మిదో ఏట పటాలంలో చేర్చింది నేనే బావా. నలభై ఏళ్ళు టైపు కొట్టినవాణ్ణి, ఒక్క అక్షరం పొల్లు పోనివ్వనివాణ్ణి, కూర్చుని శ్రద్ధగా తప్పులు కొట్టాను. అర్జీ లోపలికి వెళ్తే పాత రోలు తీస్తారు, రోలు తీస్తే నా బండారం బయటపడుతుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ నీకంటే ముందు నేనే తిట్టాను వాళ్ళని. నువ్వేమో అర్జీ రాసినందుకు నాకు దణ్ణం పెట్టి వెళ్ళేవాడివి.

ఐదోది ఎందుకో సరిగ్గా కొట్టాను. చెయ్యి అలిసిపోయిందేమో. అందుకే ఈసారి సరైన జవాబొచ్చింది.

నువ్వు ఏదో ఒకరోజు విసిగి మానేస్తావనుకున్నాను. నువ్వే పైన లేవనుకుంటావని అనుకోలేదు. నీ బతుకులోంచి తొమ్మిది వారాలు నేను తీసేసుకుంటే, సరేలే అని ఇచ్చేసి పోతావనుకోలేదు. మనిషివా, ఏమిటి నువ్వు?

ఇదిగో. వాళ్ళు అడక్కముందే రాశాను, సొరుగులో కిందటి వారం నుంచీ ఉంది. ప్రమాణ పత్రం. రోలు కాల్చిన సంగతి, తుపాకుల రిజిస్టరు సంగతి, కుక్కర్ సంగతి, అన్నీ ఉన్నాయి. కింద నా సంతకం, నోటరీ ముద్ర. నాకిచ్చిన మెడల్ తప్పుడు రికార్డు మీద ఇచ్చిందని కూడా రాశాను. తీసేసుకుంటే తీసేసుకోనీ. నీ చెల్లెలికి ఏదో ఒకటి చెప్పుకుంటాను. నాలుగు రోజులు మాట్లాడదు, అంతేగా. నాలుగు నెలలు అనుకో.

చదువుకో. సర్వీసు నంబరు మాత్రం నీ సర్వీసు పుస్తకం పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూసుకో. నన్ను నమ్మకు.

తిట్టు బావా. ఒక్క తిట్టయినా తిట్టు. కాగితం అట్లా పట్టుకుని కూర్చోకు.

ఏమిటి?

...అయితే నేను నిజంగానే పైన ఉన్నానా, అంటావా?

ఇంత చెప్తే నీకు వినబడింది అదొక్కటేనా? ఇంతసేపూ నేను నా పరువు గుమ్మంలో ఆరేసుకుంటే, నీక్కావాల్సింది అదా?

ఉన్నావు. ఉన్నావు బావా. పైనే ఉన్నావు, మాతోనే.

లే, కళ్ళు తుడుచుకో. ఐదింటికి పోస్టాఫీసు మూసేస్తారు. పత్రం ఈ కవర్లో పెట్టు, పోస్టులో వెయ్యమని నాకు మాత్రం ఇవ్వకు. నీ చేత్తో నువ్వే వేసుకో.