కుక్క కోసం కట్టిన గంట

తెక్కలకోటలోని ఆ మేడింటి తలుపుకు, కుక్క కాలికి అందేట్టు ఓ గంట వేలాడదీశారు. ఎనిమిదేళ్లుగా అక్కడ పనిచేస్తున్న జయశీల, హాల్లో కుక్క పోసిన ఉచ్చను ముక్కు మూసుకుని తుడుస్తోంది.

“థూ, దినామూ ఈ ఉచ్చ తుడిచేదేనామ్మా?”

“ఇక ఈ బాధ ఉండదులే,” అంది యజమానురాలు. “ బయటికి తీసుకెళ్లే ముందు ప్రతిసారీ దాని కాలితో గంట కొట్టించు. నాలుగు రోజుల్లో అదే నేర్చుకుంటుంది.”

“నేర్చుకుంటే?”

“గంట వినపడగానే తలుపు తీయాలి. నోరు లేనిది, పాపం, ఎంతసేపని ఆపుకుంటుంది?”

“నోరుండి నేను ఆపుకోలేదా? పొద్దున ఏడుకొస్తే మూడింటిదాకా ఈడనే ఉంటా. మీ మూడు బాత్రూములూ దినామూ కడుగుతా. ఒక్కదాంట్లోకన్నా పోనిచ్చినారా?”

“ఛీ, అవేం మాటలు! వెనకాల కంపచెట్లు ఉన్నాయిగా.”

“యాడుండాయమ్మా? అవి కొట్టేసి ఇండ్ల సైట్లు ఏసి ఆర్నెల్లాయ.”

జయశీల తడిగుడ్డను బకెట్లో విసిరికొట్టి, తలుపు దగ్గరికెళ్లి వంగి, గంటను గణగణా వాయించింది.

“ఏయ్, అది కుక్కది!”

“కొట్టినానమ్మా. తలుపు తీయండి, బాత్రూముది.”